చీటీ పడని ఇల్లు

ఆ రోజుల్లో, అంటే కుప్పంలో ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతూ, ప్రశ్నలు రాసుకుని పోతే లోకం జవాబులు చెప్పేస్తుందని నేను గట్టిగా నమ్మిన రోజుల్లో, మా పరిశోధనా పద్ధతుల సారు ఒకటే మాట చెప్పేవారు: "సర్వేకు నచ్చిన ఇంటికి పోకూడదమ్మా, చీటీ పడిన ఇంటికే పోవాలి." (పాపం, ఆయనది పెద్ద పట్నం. అక్కడ సర్వేవాళ్లు వదిలేసిన ఇంట్లో పండగ చేసుకుంటారు.) నేను 'ఇంట్లో నిర్ణయాలు ఎవరివి' అన్న అంశం పట్టుకుని, పుంగనూరు దగ్గర మా పెద్దమ్మ ఊళ్లో దిగాను. పడకా తిండీ ఆమె ఇంట్లోనే. సర్వే చెడితే ఆ ఏడు పాసయ్యే దారి లేదు.

ఇళ్లన్నిటికీ చీటీలు రాసి, గిన్నెలో వేసి, కావలసినన్ని తీశాను. పెద్దమ్మ ఇల్లు పడలేదు, కోళ్లూ గొర్రెలూ సాకే పక్కింటి కోళ్లమ్మ ఇల్లు పడింది. ఆ కోళ్లమ్మ తన కూతురి పెళ్లికి వీధంతా పత్రికలు పంచి, మా పెద్దమ్మను మాత్రం మరిచిపోయిందట. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చర్చిలో కూడా ఒకరు ముందు చాప మీద కూర్చుంటే ఇంకొకరు వెనక చాప మీద.

"పక్కింటికి పోతావు, నా ఇంటికి రావా?" అంది పెద్దమ్మ.

"నీ ఇంట్లోనే కదా ఉండాను పెద్దమ్మా."

"ఉండేది వేరు, అడిగేది వేరు. మళ్లా తియ్యి, సూస్తాను."

"రెండోసారి తీస్తే శాస్త్రం ఒప్పుకోదు."

"అయితే ఆ శాస్త్రమే నీకు సంగటి కెలికి పెడ్తాదిలే," అని పొయ్యి ఆర్పేసింది.

కడుపు కాలుతుండగా కోళ్లమ్మ ఇంటికి పోయి కూర్చున్నాను. పెద్దమ్మ వెనకే వచ్చి, గడప బయట, వీధిలో ఎవరికోసమో చూస్తున్నట్టు నిలబడింది. "మీ ఇంట్లో గొర్రెలు అమ్మాలంటే నిర్ణయం ఎవరిదమ్మా?" అని అడిగాను. కోళ్లమ్మ కొంగు సర్దుకుని, ఎంతో వినయంగా, "మా ఆయనదే," అంది.

"అబద్ధం," అని బయట్నుంచి వినబడింది. "ఆయప్పకు యా చొక్కా ఏసుకోవాలో కూడా ఈయమ్మే చెప్తాది. సరిగ్గా రాసుకో పాపా."

కోళ్లమ్మ లేచింది. కొట్టుకుంటారేమో, మధ్యలో నేనున్నానే అని నా భయం. "నీ మొగుడు మాత్రం? నిన్ను అడక్కుండా టీ అన్నా తాగుతాడా?" అంది. పెద్దమ్మ కాస్త ఆలోచించి, "తాగడు," అని ఒప్పుకుంది. కోళ్లమ్మకు నవ్వు ఆగలేదు. పెద్దమ్మ గడప దాటి లోపలికొచ్చి, "పెండ్లికి యాల పిలవలా?" అని అడిగేసింది. "మర్సిపోయినానమ్మా, పెండ్లి పనుల్లో తల తిరిగిపోయింది. తర్వాత నీ ముందరికి రావాలంటే మొగం సెల్లలా." అంతే, ఇద్దరూ ఏడుస్తూ నవ్వుతూ కూర్చున్నారు. నా మిగతా ప్రశ్నలు ఎవరికీ పట్టలేదు. ఆ పూట సంగటి మాత్రం రెండిళ్ల నుంచీ వచ్చింది.

సారు ఆ ఫారం చూసి, "ఒకామెను అడిగితే ఇద్దరు జవాబిచ్చారు. ఇది చెల్లదు, ఇంకో ఇంటికి పోయి రా," అన్నారు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు సార్ అంటే, "అది ఏ పట్టికలో వేస్తావు?" అన్నారు. ఏ పట్టికలోనూ పట్టలేదు. ఇంకో ఇంటికి పోయి వచ్చి, పాసయ్యాను.

ఇప్పుడు మదనపల్లెలో నేనే ఆ పాఠం చెప్తున్నాను. "చీటీ పడని ఇంటిని వదిలేయాలా మేడం?" అని పిల్లలు అడుగుతారు. వదిలేయాలి, శాస్త్రం అంతే, అంటాను ఆ సారంత గంభీరంగా. అంతటితో ఊరుకుంటే బాగుండును, నా నోరు ఊరుకోదు: "ఆ ఇంట్లో కాఫీ తాగి, తర్వాత వదిలేయండి." పిల్లలు దాన్నీ నోట్సులో రాసుకుంటారు. నేను వద్దనను.