చీర అంచు పక్కన చేతులు

పోయిన ఆదివారం హిందూపురంలో మా మనవరాలు నన్ను సినిమాకు తీసుకుపోయింది. సినిమా అంటే కథా, కొట్లాటా ఉండేది కాదు. ఎవరో పరదేశపు కుర్రవాళ్ళిద్దరు పెద్ద మైదానంలో జనసముద్రం ముందర కచేరీ చేస్తే, దాన్ని మొదటినుంచి చివరిదాకా కెమెరాతో తీసి, టిక్కెట్టు పెట్టి చూపించడమన్నమాట. వాళ్ళ దగ్గర తబలా లేదు, ఫిడేలు లేదు. ముందర బల్లనిండా మీటలూ వైర్లూ, వెనక కళ్ళు బైర్లుకమ్మే లైట్లు. హాల్లో పిల్లలంతా లేచి ఎగురుతుంటే నేనొక్కణ్ణే కూర్చుని, ఆ ఇద్దరి చేతులు ఎప్పుడు చూపిస్తారా అని మెడ సాచి చూస్తూ ఉండిపోయాను. చూపిస్తే ఒట్టు. నిద్రొస్తాందా తాతా అని మనవరాలు జాలిపడింది. నాకు నిద్ర రాలేదు, నా సొంత సినిమా గుర్తుకొచ్చింది.

నవ్వకండి. మన ఈడువాళ్ళకు వీడియో క్యాసెట్టు అంటే ఏమిటో చెప్పనక్కర లేదు కనుక ధైర్యంగా చెబుతున్నాను, నేను కూడా అట్లాంటి కచేరీ సినిమాలో ఉన్నాను. కాకపోతే అందులో నా మొహం లేదు.

అప్పుడు మాది ధర్మవరం. ఇంట్లో గుంట మగ్గం, మగ్గంలో పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడిస్తూ నాయన, నాయన పక్కన ఇష్టంలేని మొహంతో నేను. హిందూపురంలో ఉండే మా చిన్నమామకు ఒక ఆర్కెస్ట్రా ఉండేది. ఆయన ఎక్కడ సంపాదించాడో గానీ బెంగుళూరునుంచి ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చాడు. మా వీధిలో దాన్ని కరెంటు హార్మోనీ అనేవాళ్ళు. అందులో ఒక మీట నొక్కితే తాళం దానంతట అదే పడుతుంది. తాళాలు రకరకాలు ఉండేవి గానీ చిన్నమామకు అన్నీ డిస్కోయే. దేవుడి పాటకూ డిస్కో, అప్పగింతల పాటకూ డిస్కో. పెండ్లికూతురి తల్లి కండ్లు తుడుచుకుంటూ ఉంటే వెనక ఢిష్యుం ఢిష్యుమని మోగుతూ ఉండేది. మిగతా రాగమంతా పది వేళ్ళతో నేను వాయించేవాణ్ణి, మగ్గానికి సెలవు దొరికిన రోజుల్లో బస్సెక్కి పోయి నేర్చుకున్న విద్య అది.

నాయనకు అదే గిట్టలేదు. పాటంటే ఆయనకేమీ కోపం లేదు, భజనలో గొంతెత్తేవాడు. కోపమంతా కరెంటు మీద. ఊళ్ళోకి మరమగ్గాలు అప్పుడప్పుడే దిగుతున్న కాలం. స్విచ్చేస్తే దానంతట అదే నేసే యంత్రం పేరెత్తితేనే ఆయనకు అన్నం సహించేది కాదు. ఒకసారి చిన్నమామ ఇంట్లో ఆ తాళం మీట చూసి, తేల్చిపారేశాడు. "ఇది మరమగ్గం కాక ఇంగేంది? అదే వాయిస్తాంది, నువ్వు ఊరికే చేతులు పెట్టుకోని నిలబడుకోనుండావు." పెనుకొండలో ఒప్పుకున్న పెండ్లి కచేరీ ఒక్కటి ముగించుకుని, ఆపైన బుద్ధిగా మగ్గంలో కూర్చోమన్నాడు. వాయించేది పెట్టె కాదు, నేను అని ఆయనకు చూపించేదెట్లా? కచేరీకి రమ్మంటే రానన్నాడు.

పెనుకొండలో పెండ్లి వీడియోలు తీసేది మా పెద్దమ్మ కొడుకే. అన్నా, నీకు దండం పెడతాను, పాటలు ఎట్లన్నా తియ్, నా చేతులు మాత్రం దగ్గరగా తియ్ అని బతిమాలుకున్నాను. మీ నాయన కండ్లకద్దుకునేటట్ల తీస్తా పో అన్నాడు అన్న. తలకు మించిన బరువున్న కెమెరా భుజాన వేసుకుని, ఇంకొకడిచేత లైటు పట్టించి కచేరీ అంతా తిరిగాడు కూడా. నేను లైటు పడినప్పుడల్లా వేళ్ళు ఇంకా ఎత్తెత్తి వాయించాను.

క్యాసెట్టు వచ్చింది. టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి మా ఇంటి అరుగుమీద పెడితే, సాయంత్రానికి వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయి జనమంతా చేరారు. నాయన కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బొమ్మ మొదలైంది. పాట వినిపిస్తోంది గానీ కనిపించేదంతా పాయసం జుర్రుకునే పెద్దమనుషులు. పెండ్లి వీడియోలో మొహం పడలేదని ఎవరైనా అలిగితే తన గిరాకీ పోతుందని అన్నకు భయం. కాబట్టి కచేరీని పక్కనపెట్టి విస్తరి విస్తరికీ న్యాయం చేశాడు. ఒక విరహగీతం పొడుగునా పెండ్లికొడుకు మేనమామను హృదయాకారంలో బిగించి, చుట్టూ గులాబీలు తిప్పాడు. తరువాత అడిగితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కెమెరాలో దోషమన్నాడు మహానుభావుడు.

ఇంతలో పాట పాడే మా అత్త, అంటే చిన్నమామ భార్య, పాడుతూ పాడుతూ వచ్చి నా కీబోర్డు పక్కన నిలబడింది. మెరిసే పట్టుచీర కదా, అన్న కెమెరా దాన్ని పట్టుకుంది. తెరనిండా చీర అంచు. దాని పక్కన మణికట్లవరకు, నా రెండు చేతులు!

అంతే, వీధంతా లేచింది. ఎవరో "నిలబెట్టప్పా, నిలబెట్టు! ఆ అంచు సూడల్ల" అని కేకవేశారు. అది ధర్మవరం. పాట ఎవరిక్కావాలి? ఆ అంచు ఎవరి మగ్గంలోది, జరీ ఎంత పడింది, బొమ్మ కుదిరిందా జారిందా అని తగువు మొదలైంది. ఒకరు మనదే అంటారు, ఇంకొకరు కంచిది అంటారు. తగువు తేలేదాకా క్యాసెట్టు వెనక్కి తిప్పడం, మళ్ళీ వేయడం. తిప్పినప్పుడల్లా అంచుతోపాటు నా చేతులు కూడా వస్తున్నాయి, ఆ ఒక్క చరణమే వాయిస్తున్నాయి. చివరికి అది మా వీధి చీరేనని, కొసింటి మగ్గం వాళ్ళు నేసిందేనని అందరూ ఒప్పుకుని నెమ్మదించారు.

అప్పుడు నాయన గోడ వదిలిపెట్టి ముందుకొచ్చాడు. "అది సరే గానీ, ఆ పక్కనుండే చేతులు ఎవురివప్పా? పోగు తెగకుండా నాడె ఆడించినట్ల పోతాండాయే" అన్నాడు.

మా అవ్వ వక్క నములుతూ, "నీ కొడుకువి కాకుంటే నావా?" అంది.

అందరూ గొల్లున నవ్వారు. నాయన నవ్వలేదు. నావైపు చూడలేదు. తెరకు అడ్డంగా, వెనకవాళ్ళకేమీ కనపడకుండా టీవీ ముందర గొంతుక్కూర్చుని, "ఇంగొక తూరి తిప్పు" అన్నాడు. ఎందుకని ఎవరో అడిగితే, "అంచు సూడల్ల" అన్నాడు.

మర్నాడు మగ్గంలోనుంచి తల ఎత్తకుండానే, కచేరీలుంటే పోయిరమ్మన్నాడు, పని మాత్రం వెనకబడకూడదన్నాడు. మెచ్చుకోలేదు. కన్నతండ్రే మొహంమీద పొగిడితే బిడ్డకు ఆయుక్షీణమని నమ్మిన కాలం కదా, ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఒక్కమాట అనలేదు.

ఆ క్యాసెట్టుకు బూజుపట్టి ఎన్నడో పోయింది. మా వీధిలో ఇప్పుడు చాలావరకు మరమగ్గాలే, ఏ చీర ఎవరు నేశారని తగువు పడేవాళ్ళు లేరు. మెప్పుకు మాత్రం కరువు లేదు. మొన్న మనవరాలు నా వాయింపు ఫోనులో పెడితే, మొహమెరగని వాళ్ళు కూడా బొటనవేళ్ళు చూపించారు. సంతోషమే. కానీ నాకు ఒళ్ళు పులకరించిన మెప్పు ఒక్కటే. ఆ చేతులు నావని తెలిసివుంటే మా నాయన ఆ నాడె మాట అని ఉండేవాడు కాదు.