మూత కింద మునిరత్నమ్మక్క

వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు వెనక వాకిట్లో మొన్న ఒక పికప్ బండి ఆగింది. పూలకుండీలు తెచ్చిన బండి. డ్రైవరు వెనక మూత పైకెత్తగానే ఎండకు కాగిన ఫైబరు వాసన, అంచున ఉండే రబ్బరు వాసన కలిసి గుప్పుమని ముఖానికి కొట్టాయి. దగ్గరుండి కుండీలు దించుకోవాల్సిన దాన్ని, వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాను. ఒంట్లో బాగాలేదా మేడం అని సెక్యూరిటీ ఆయన అడిగాడు. ఒంట్లో బాగానే ఉంది. కోపం వచ్చింది, అంతే. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ మునిరత్నమ్మక్క గుర్తొస్తుంది, ఆమె వెంటే కోపమూ వస్తుంది.

మునిరత్నమ్మక్క నాకు బంధువు కాదు, నా మొదటి యజమానురాలు. కాటన్‌పేటలో వాళ్ళది పాతకాలపు బట్టల హోల్‌సేలు దుకాణం. తండ్రి పోయాక దుకాణం తమ్ముడు చంద్రశేఖర చేతికి వచ్చింది. భర్త పోయి పుట్టింటికి చేరిన ఈమె చేతికి ఏమీ రాలేదు. ఊరికే కూర్చుని తినే మనిషి కాదు కనుక బొమ్మనహళ్ళిలో ఒక షెడ్డు తీసుకుని, కుట్టు మిషన్లు వేయించి, పిల్లల గౌన్లు కుట్టే యూనిట్ నిలబెట్టింది. చాకిరీ ఆమెది, బోర్డు మీద పేరు తమ్ముడిది. తొంభైల చివర్లో మా వీధి ఆడవాళ్ళం ఎనిమిది మందిమి అక్కడ పనిచేసేవాళ్ళం. కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూడటం నా పని. అక్కకు కోపం మెండు. ఒక్క కుట్టు వంకర పోయినా గౌను మొత్తం విప్పించేది. కానీ ఆ కోపం గౌను మీదే ఉండేది, కుట్టిన మనిషి మీదికి వచ్చేది కాదు. అదెంత అరుదో తరవాత వేరే యజమానుల దగ్గర పనిచేశాక గాని నాకు తెలియలేదు.

సాయంత్రాలు హోసూరు రోడ్డులో బస్సెక్కడమంటే యుద్ధం. అందుకని పొద్దున బట్టల మూటలు తెచ్చే దుకాణం పికప్పే సాయంత్రం మమ్మల్ని కాటన్‌పేటకు చేర్చేది. అక్క ముందు, డ్రైవరు బాషా పక్కన. మేము వెనక, కమ్మీలకు కట్టిన గుడ్డ టార్పాలు కింద. రెండు పక్కలా చుట్టి పైకి కట్టేస్తే గాలి ఆడేది. అది చిరిగి పీలికలయ్యాక, కొత్తది ఎంచుకుందామని ఒక సాయంత్రం దారిలోనే బండి కవర్లు అమ్మే చోట ఆగాం. చంద్రశేఖర అప్పటికే అక్కడున్నాడు. అక్క మందపాటి గుడ్డ టార్పాలు చేత్తో నలిపి చూస్తుంటే, ఆయన ఒక ఫైబరు మూత మీద చెయ్యేసి నిలబడ్డాడు. నున్నగా, తెల్లగా, తాళంతో సహా ఉంది. దాని కింద తల వంచుకుని, మోకాళ్ళు గుండెకు ఆనించుకుంటేనే మనిషి పడతాడు.

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కిస్తే పోలీసులు పట్టుకుంటున్నారని ఆయన మొదలుపెట్టాడు. అసలు విషయం తరవాత బయటపడింది. "మన వీధి ఆడోళ్ళు మూటల మాదిరి వెనక కూర్చోని పోతా ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారక్కా? ఇదైతే ఎవరికీ కనపడరు."

"గాలి ఎట్ల వస్తాదప్పా?" అంది అక్క.

"కాసేపే కదా. అడ్జస్టు చేసుకుంటారు," అని ఆయన మా వైపు తిరిగి, మీరే చెప్పండమ్మా అన్నాడు.

మేము మూతే బాగుందన్నాం. ఎనిమిది మందిమీ. మా ఇళ్ళలో ఆడవాళ్ళు పనికి పోవడమే కొత్త. నేను ఆఫీసులో ఉన్నానని మా నాన్న చుట్టాలందరికీ చెప్పుకునేవాడు. సరుకు బండి వెనక నన్ను ఎవరైనా చూస్తే ఆయన తల కొట్టేసినట్టవుతుంది. ఊపిరి ఆడకపోయినా ఫరవాలేదు గాని నలుగురి కంట పడకూడదని మాకు అంత బాగా నూరిపోశారు. నూరిపోసిన వాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అక్క మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఎవరమూ తలెత్తలేదు. టార్పాలు కింద పడేసి, "సరే. అయితే నేనూ వెనకే కూర్చుంటా," అంది. తమాషాకు అందనుకుని చంద్రశేఖర నవ్వాడు.

తమాషా కాదు. మూత బిగించిన రోజు నుంచీ ఆమె ముందు సీటు వదిలేసి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని మాతో పాటే లోపలికి పాకేది. ఆ వయసులో, ఆ లావు ఒంటితో. మూత లొడలొడ కొట్టుకోకుండా బాషా బయట తాళం వేసేవాడు. దారిలో ఎక్కడా తీయవద్దని యజమాని ఆజ్ఞ. చీకట్లో మా మోకాళ్ళ మధ్య నుంచి దారి పొడవునా అక్క గొంతు వినపడేది. మా తమ్ముడు తన కుక్కను ఇందులో ఎక్కిస్తాడేమో అడగండే అనేది. మేము నవ్వేవాళ్ళం. నవ్వితే ఇంకా చెమట పట్టేది.

ఎండాకాలంలో ఒక సాయంత్రం రోడ్డు మధ్యలో ఇంజను ఆగిపోయింది. పక్కనే పోలీసు నిలబడి ఉన్నాడని బాషా మూత తీయడానికి భయపడ్డాడు. మెకానిక్కును పిలుచుకొస్తానని కేకేసి, తాళంచెవి జేబులో వేసుకునే వెళ్ళిపోయాడు. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. మూత పెనంలా కాలుతోంది. నా పక్కన ఉన్న గీత అనే అమ్మాయికి ముందు దగ్గు వచ్చింది, తరవాత దగ్గే ఓపిక కూడా పోయి నా భుజం మీద వాలింది. అరవమని అక్క అన్నా మేము అరవలేదు. అరిస్తే జనం వస్తారు. జనం చూస్తారు. చచ్చిపోయే ముందు కూడా మాకు అదే భయం. అప్పుడు అక్క మా ఒళ్ళోకి వెల్లకిలా వాలి రెండు కాళ్ళతో మూతను తన్నడం మొదలుపెట్టింది. తన్నుతూ తమ్ముణ్ణి, మమ్మల్ని, మా నాన్నల్ని పేరుపేరునా తిట్టింది. చివరికి ఆ పోలీసే పరిగెత్తుకొచ్చి తాళం పగలగొట్టించాడు.

టీ అంగడి దగ్గర నీళ్ళు చల్లితే గీత కళ్ళు తెరిచింది. పెదవులు నల్లబడి ఉన్నాయి. చుట్టూ జనం మూగారు. మేమందరం అప్పుడు చేసిన మొదటి పని చున్నీలూ కొంగులూ ముఖాల మీదికి లాక్కోవడం. అక్క జుట్టు ముడి ఊడిపోయి, పాదాలు రక్తాలు కారుతూ, నడిరోడ్డు మీద నిలబడి ఉంది.

"ముఖాలెందుకు మూసుకుంటా ఉండారు? తప్పు చేసింది మీరా?" అని అరిచింది.

ఆమె చూపు నా మీద పడింది. నేను చున్నీ దించాను. అందరూ నన్ను చూశారు. చూస్తే నాకేమీ కాలేదు.

మర్నాడు చంద్రశేఖర మా ఇళ్ళకు వచ్చాడు. మైసూరుపాకు డబ్బాలు పట్టుకుని, మా నాన్నల దగ్గరికి. మమ్మల్ని పలకరించను కూడా లేదు. మీ ఇంటి పరువు విషయంలో పొరపాటు జరిగిందని చెప్పి చేతులు జోడించాడట. ఊపిరి సంగతి ఎత్తలేదు. మా నాన్న ఆయనకు కాఫీ ఇప్పించాడు. రోడ్డు మీద అందరూ చూశారని గీతను వాళ్ళన్న పని మాన్పించాడు. నేను ఆ డబ్బా తీసుకెళ్ళి దుకాణంలో గల్లాపెట్టె మీద పెట్టి వచ్చాను. నాన్న చాలాకాలం నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

ఇక అక్కకు పట్టిన గతి. నడిరోడ్డు మీద ఆడది అట్లా అరిచిందంటే బుద్ధి స్థిమితం లేనట్టేనని వాళ్ళ ఇంట్లో పెద్దలు కూర్చుని తేల్చారు. మనుషులకు తాళం వేసినవాడి బుద్ధి గురించి ఎవరూ కూర్చోలేదు. విశ్రాంతి కావాలని చెప్పి ఆమెను ఇంట్లో కూర్చోబెట్టారు. యూనిట్‌ను తమ్ముడు నడిపాడు. నేను వేరే పని చూసుకున్నాను.

కొన్నేళ్ళ తరవాత, వైట్‌ఫీల్డ్‌లో బండ్లూ షిఫ్టులూ చూసుకునే ఉద్యోగంలో చేరాక, ఆమెను చూడటానికి వెళ్ళాను. వెనక గదిలో మంచం మీద ఉంది. బాగా చిక్కిపోయింది. గొంతు మెత్తబడింది. తమ్ముడి పెట్టుపోతల మీద ఉన్న మనిషి కదా, ఇక అతన్ని క్షమించమంటుందేమోనని నాకు భయం వేసింది. క్షమించడానికి నేను సిద్ధంగా లేను.

"ఇంకా కోపం ఉండాదా నీకు?" అని అడిగింది.

"ఉండాదక్కా," అన్నాను.

నా చెయ్యి పట్టుకుంది. "నాది వీళ్ళు పెరికేసినారు. నీదన్నా నువ్వు పెట్టుకో తల్లీ," అంది.

పెట్టుకున్నాను.