రాక్షసుడికి చెప్పిన సగం అబద్ధం

2019 జూన్ 16, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పెనుకొండలో మొదటిసారి పాచిక వేశాం. ముగ్గురం. ఇల్లు అక్కడి బడిలో పనిచేసే మిత్రుడిది. అతణ్ణి మేము కూడా సారనే పిలిచేవాళ్లం. నెలకొక ఆదివారం నేను హిందూపురం నుంచి, మూడో మిత్రుడు ధర్మవరం నుంచి రైల్లో వచ్చేవాళ్లం.

ఆట ధర్మవరం మిత్రుడు కల్పించినదే. పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీయడం అతని వృత్తి. అలాంటి కాగితం మీదే ఒక మాయారాజ్యం గీశాడు: ఎగిరే గొర్రెలు, మతిమరుపు మంత్రగాడు, తొంభయ్యో గడిలో జలుబు చేసిన రాక్షసుడు. ఆ గడికి చేరినవాడు రాక్షసుడికి ఒక అబద్ధం చెప్పాలి. మిగతా ఇద్దరూ నవ్వితే దారి ఇస్తాడు. లేకపోతే మళ్లీ మొదటి గడి. లేపాక్షి బస్సనుకొని పొరపాటున నీ నోట్లోకి ఎక్కినానని ధర్మవరం మిత్రుడు చెప్పిన రోజు, సారు కాఫీ మింగలేక వరండాలోకి పరుగెత్తాడు.

సారు అబద్ధాలు మాత్రం పాఠాల్లా సాగేవి. అందుకే అరవై సెకన్లలోగా ముగించాలన్న నియమం నేను పెట్టాను. గడియారం నాది. ఎవరు ఏ గడిలో ఆగారో, ఎవరి అబద్ధానికి నవ్వు వచ్చిందో నోటుపుస్తకంలో రాసేదీ నేనే.

2023 జూన్‌లో ధర్మవరం మిత్రుడికి పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ తేరుకున్నాయి. మాట మాత్రం ఒక్కొక్కటిగా, వెతికి తీసినట్టు వచ్చేది. సిగ్గుపడి బయటివాళ్లతో మాట్లాడడమే మానేశాడని, మీతో కూర్చుంటే మళ్లీ నోరు విప్పుతాడేమోనని అతని భార్య నాకు ఫోన్ చేసి చెప్పారు. 2024 ఫిబ్రవరి 18న అతడు ఆటకు వచ్చాడు.

నాలుగున్నరకు అతని పావు రాక్షసుడి గడికి చేరింది.

"రాక్షసప్పా," అన్నాడు. చాలాసేపు ఆగాడు. "మా పొట్టేలు... నీ కొమ్ములు చూసి..."

సారు నవ్వడానికి సిద్ధమై ముందుకు వంగాడు. నేను గడియారం చూస్తున్నాను. అరవై అయింది. అయిందని చెప్పాను.

"ఏమప్పా, ఈపొద్దు గూడా గడియారం చూడల్లనా?" అన్నాడు సారు నాతో.

నియమం అందరికీ ఒకటేనన్నాను. జబ్బుపడ్డవాడని వదిలేస్తే అతనికి అవమానమని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. అతడు పావును తానే తీసి మొదటి గడిలో పెట్టాడు.

"రాసుకోప్పా," అన్నాడు. "నేను చెప్పేది... ఇంగా అయిపోలేదు."

రాశాను. నవ్వు రాలేదని మాత్రమే రాశాను.

మరుసటి నెల అతడు రాలేదు. ఏప్రిల్‌లో ధర్మవరం వెళ్లాను. ఆటకు వచ్చేముందు ఆ అబద్ధాన్ని నాలుగు రోజులు అద్దం ముందు చెప్పుకొని చూసుకున్నాడని అతని భార్య అన్నారు. అతడు నన్ను ఆదరంగానే కూర్చోబెట్టాడు. పొట్టేలు ఏం చేసిందో చెప్పమని అడిగాను. ఎంతసేపైనా వింటానన్నాను. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాను కూడా. అతడు తల అడ్డంగా ఊపి, కాఫీ గ్లాసు నా వైపు జరిపాడు.

ఆ తరువాత ఆట సాగలేదు. ఇద్దరమే ఆడదామని ఒకసారి కూర్చున్నాం గానీ, సారు పాచిక ముట్టుకోలేదు.

కరోనా నెలలు, అతని జబ్బు నెలలు పోను, ఆడిన ఆటలు ముప్పై ఎనిమిది. పోయినవి: పెనుకొండ ఆదివారాలు, ఒక అబద్ధంలో రెండో సగం, అతడు నాతో ఆడగలిగిన మాటలు. మిగిలినవి: గ్రాఫు కాగితం, ఒక పాచిక, మూడు పావులు, నా చేతిరాత.