మైసయ్య గీసిన సున్నాలు

తాను ముందు వాడి చూడకుండా మైసయ్య ఇంకొకరిని వాడనిచ్చిన వస్తువు ఆ ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. కొత్త గ్లాసు కొంటే మొదటి చాయ్ ఆయనే తాగాలి. కొత్త మంచం వస్తే మొదటి కునుకు ఆయనే తీయాలి. మనవరాలికి డాక్టరు దగ్గు మందు రాస్తే మొదటి చెంచా ఆయన గొంతులో పడాలి. ఒకసారి చెంచాతో సంగతి తేలలేదని మూత నిండా పోసుకుని తాగి, పొద్దున తొమ్మిదింటికి ఒరిగినవాడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గానీ లేవలేదు. లేచి కళ్లు నులుముకుంటూ, "మందు మంచిగ పని చేస్తున్నది, పోరికి పొయ్యిండ్రి" అన్నాడు.

ఈ జబ్బు ఆయనకు ఆర్టీసీ డిపోలో అంటుకుంది. ముప్పై రెండేళ్లు అక్కడ మెకానిక్‌గా చేశాడు. బాగుచేసిన బస్సును తానే ఒక చుట్టు తిప్పుకొచ్చి, బంపరు మీద సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. సున్నా ఉంటే బండి బాగున్నట్టు. సున్నా లేని బస్సును డ్రైవర్లు ముట్టుకునేవాళ్లు కాదు, ముట్టుకుంటే మైసయ్య ఊరుకునేవాడు కాదు. రిటైరైన రోజు బస్సులు డిపోలోనే ఉండిపోయాయి కానీ సుద్దముక్క మాత్రం చొక్కా జేబులో పడి మన్సూరాబాద్‌లోని ఇంటికి వచ్చేసింది. ఇక చూస్కోండి. కుక్కర్ మూత మీద సున్నా, కుర్చీ కాలికి సున్నా, పైకి వెళ్లే మెట్లలో ప్రతి మెట్టుకూ ఒక సున్నా.

కోడలు శ్రీకళకు ఈ సున్నాలంటే ఒళ్లు మంట. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేస్తుంది. మార్కులు రాలేదని ఏడ్చే పిల్లల్ని రోజంతా ఓదార్చి ఇంటికొస్తే, ఇక్కడ గోడకూ గొడుగుకూ కూడా సున్నా మార్కులే. దసరాకు ఆమె కొనుక్కున్న కొత్త చెప్పులు మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర కనపడలేదు. వీధి చివర మైసయ్య కనిపించాడు. చేతిలో బీరకాయల సంచి, కాళ్లకు బంగారు రంగు పట్టీల ఆడవాళ్ల చెప్పులు, వెనక మూడు వేళ్ల వెడల్పున బయటికి వేలాడుతున్న మడమలు. కొత్తపేట రైతుబజారు దాకా పోయి వస్తున్నాడు.

"మామా! అవి నా చెప్పులు!"

"ఎరుకే బిడ్డా. ట్రయల్ ఏసిన. ఎడమది జర పట్టుకుంటుండె. ఇప్పుడు నిమ్మలమైంది."

శ్రీకళ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అత్త సాయమ్మ ఆమెను ఓదార్చింది. "మా పెండ్లికి ముందు దినమే వచ్చి పీట మీద కూసొని చూసిండట. ట్రయల్ ఏయకుండ తెచ్చుకున్నది నన్నొక్కదాన్నే. అందుకే నాతోని యాష్టపడి సతమతమైతున్నడు."

ఇట్లా రోజులు గడుస్తుండగా రెండు వేల పదకొండు ఫిబ్రవరి వచ్చింది. తెలంగాణ ఉద్యమం రోడ్ల మీద ఉంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఏమిటో టీవీ చెబితే గానీ తెలియదు. అలాంటి ఒక రోజు శ్రీకళ మూడున్నరేళ్ల కూతురు సంతోషిని చంకనెత్తుకుని ఎల్.బి.నగర్ చౌరస్తా దాటుతుంటే, పక్కన తగలబడుతున్న టైరు ఢామ్మని పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పిల్ల ఆనాటి నుంచి కొత్త చోట కాలు పెట్టమంటే కొయ్యబారిపోయేది. ఎవరు గట్టిగా మాట్లాడినా చెవులు మూసుకునేది. వీధిలోని ప్లేస్కూలులో వేస్తే రెండు రోజులు ఏకధాటిగా ఏడ్చింది. మూడో రోజు వాళ్లే తెచ్చి అప్పగించి దండం పెట్టారు.

శ్రీకళకు కంటి మీద కునుకు లేదు. అందరూ ఒక్క మాటే చెప్పారు: ఎల్.బి.నగర్ అవతల చర్చి ఆవరణలో ఒక కిండర్‌గార్టెన్ ఉంది, అక్కడ పిల్లల్ని కొట్టరు సరికదా, అరవను కూడా అరవరు. అరవని బడి! సంతోషికి ఆ బడిలో సీటు దొరక్కపోతే ఇక ఏ బడీ లేదని శ్రీకళ మనసులో పడిపోయింది. భర్త శైలేందర్‌కు ఉప్పల్ కంపెనీలో సెలవు దొరకలేదు. ఫారం తేవడానికి ఎవరు తోడు వస్తారని ఆమె అడిగేలోపే మైసయ్య చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

బడిలో ఆయన చేసిన ఘనకార్యాలు ఇన్నీ అన్నీ కావు. ప్రిన్సిపల్ అరుణజ్యోతి మేడంతో శ్రీకళ మాట్లాడుతుండగానే జారుడుబండ ఎక్కాడు. అది ఎంత చిన్నదంటే, జారడం మొదలుపెట్టక ముందే ఆయన కాళ్లు కింద ఆనాయి. పిల్లల నల్లా దగ్గర వంగి నీళ్లు తాగాడు. గంట మోగుతుందో లేదో చూద్దామని కొట్టాడు. ఇంటిబెల్లనుకుని పిల్లలంతా సంచులు తగిలించుకుని బయటికొచ్చారు. చివరికి తరగతిలో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. లేచినప్పుడు ఆ కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. మేడం, ఆయమ్మ చెరోవైపు పట్టుకుని లాగాల్సి వచ్చింది.

మేడంది గుంటూరు వైపు. మాట మెత్తన. "తాతగారూ, అడ్మిషను పాపకా అండీ, మీకా?"

"ట్రయల్ ఏస్తున్న మేడం. బ్రేకులు చూడకుండ బండి డ్రైవర్ చేతుల పెడతమా?"

అంతటితో ఆగినా బాగుండేది. ఇంతలో ప్రార్థన వేళయింది. పిల్లలు చేతులు జోడించి కళ్లు మూసుకుని ముద్దుగా ప్రార్థన చెప్పి "ఆమెన్" అన్నారు. మైసయ్య కూడా ఒక కన్ను మూసి, రెండోదానితో తనిఖీ చేస్తూ భక్తిగా "ఆమెన్" అన్నాడు. ఆ రోజుల్లో పెళ్లి విందయినా సంతాప సభయినా ఆఖరి మాట ఒకటే కదా, అలవాటు చొప్పున పిడికిలెత్తి "జై తెలంగాణ!" అని కూడా అన్నాడు. నలభై మంది పిల్లలు నలభై పిడికిళ్లెత్తి "జై తెలంగాణ!" అన్నారు.

శ్రీకళ గబుక్కున మేడం మొహం చూసింది. గుంటూరు మేడం పెదవులు బిగబట్టి కిటికీ వైపు తిరిగింది. ఆమెకు వచ్చింది కోపమో నవ్వో అర్థం కాలేదు. కాసేపటికి తిరిగి, "సీటు ఒక్కటే మిగిలిందండీ" అంది. "సోమవారం పాపను తీసుకురండి. పరీక్షలేం పెట్టం. తనంతట తను లోపలికొచ్చి పది నిమిషాలు పిల్లలతో కూర్చుంటే చాలు. మరీ భయపడితే మాత్రం బలవంతం చేయం. వచ్చే ఏడు చూద్దాం."

సోమవారం బంద్. గురువారానికి మార్చారు. గురువారం రాస్తారోకో. మళ్లీ బుధవారమన్నారు. శ్రీకళ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. అన్నం ముద్ద చేతిలో ఉండగానే టీవీ కింద పాకే అక్షరాలు చదివేది. ఆ ఒక్క సీటును ఎవరో ఎత్తుకుపోతున్నట్టు కలలు కనేది. ఇక మైసయ్యయితే పొద్దున్నే మాయం. రెండు మూడు గంటల తర్వాత మోకాళ్ల నిండా మట్టితో వచ్చేవాడు.

"యాడికి పోతున్నరు మామా దినాం?"

"రూట్ సూస్తున్న. బంద్ ఉన్నా నడిచి పోవచ్చు బిడ్డా. నలభై నిమిషాలు."

ఆయన మళ్లీ బడికి పోయి ఇంకేం కొంప ముంచుతున్నాడోనని శ్రీకళ వణికిపోయింది. మంగళవారం నాడు ఇక ఉండబట్టలేక చేతులు జోడించింది. "మామా, మీకు దండం పెడత. రేపు మీరు రావద్దు."

మైసయ్య ఎప్పుడూ లేనిది ఎదురు చెప్పలేదు. "మంచిది. నా పని అయిపోయింది తియ్యి" అన్నాడు. ఆ మాట ఏమిటో ఆలోచించే ఓపిక శ్రీకళకు లేదు.

బుధవారం ఆటో బడి ముందు ఆగింది. సంతోషి దిగింది, గేటు చూసింది, అంతే. తల్లి కొంగు రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయింది. శ్రీకళ చాక్లెట్ చూపించింది, బతిమాలింది, గేటు లోపలికి తాను రెండడుగులు వేసి పిలిచింది. పిల్ల పెదవి వణకడం మొదలైంది. వరండాలో అరుణజ్యోతి మేడం నిలబడి ఉంది. ఆమె పక్కన ఇంకో తల్లి, ఇంకో పిల్లాడు. శ్రీకళకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు సంతోషి అడిగింది. "తాత సున్నా ఏసిండా?"

"ఆఁ?"

"తాత సూస్తే సున్నా ఏస్తడు కదా. ఏసిండా?"

"ఏసిండమ్మా, ఏసిండు."

"ఏది?"

శ్రీకళ గేటును పైనుంచి కిందికి వెతికింది. పిల్ల పాలు సున్నా ఉన్న ఆ ఒక్క గ్లాసులోనే ఎందుకు తాగుతుందో, ఇంట్లో మెట్లు ఎందుకు వంగి చూసుకుంటూ ఎక్కుతుందో ఆమెకు అప్పుడు గానీ తట్టలేదు. ఇంతలో ఆయమ్మ రాములమ్మ గేటు దగ్గరకు వచ్చి, "గిదో బిడ్డా, ఈడ" అని గేటు స్తంభం అడుగున చూపించింది.

సున్నా. తెల్లగా, గుండ్రంగా, ఆర్టీసీ సున్నా.

సంతోషి దాని మీద వేలు పెట్టి చూసుకుంది. గేటు దాటింది. రెండో సున్నా మెట్టు మీద. మూడోది నల్లా కింద. నాలుగోది జారుడుబండ కాలికి. నిలబడి చూసేవాళ్లకు ఒక్కటీ కనపడదు. శ్రీకళ వెనకాలే నడుం వంచుకుని వెతుక్కుంటూ పోయింది.

"పది దినాల సంది వస్తుండమ్మా, బందున్నా నడుసుకుంట" అంది రాములమ్మ. "మోకాళ్ల మీద కూసొని గీస్తుండె. నేను తుడిస్తే మల్ల గీసె. జర పైన గీయరాదే అంటే, మా మనవరాలి ఎత్తుకు ఉండాలె అమ్మా, దాని కండ్లకు ఆనాలె అన్నడు."

ఆ అరిగిపోయిన మోకాళ్లు మడవలేక ఇంట్లో మైసయ్య కుర్చీలో కూర్చునే భోంచేస్తాడు.

ఆఖరి సున్నా ఎర్ర కుర్చీ వీపు మీద ఉంది. సంతోషి అందులో కూర్చుంది. పది నిమిషాలు కాదు, గంట కూర్చుంది. ప్రార్థనలో అందరితోపాటు చేతులు జోడించింది. "ఆమెన్" అయ్యాక పిడికిలెత్తి, నెలనాళ్ల తర్వాత మొదటిసారి గట్టిగా గొంతు విప్పి, "జై తెలంగాణ!" అంది.

అరుణజ్యోతి మేడం ఈసారి కిటికీ వైపు తిరగలేదు. కళ్లజోడు తీసి మరీ నవ్వింది. "ఇది కూడా తాతగారి ట్రయలేనండీ?" అంటూ ఫారం మీద సంతకం పెట్టింది. తర్వాత తన కుర్చీని కాస్త పక్కకు తిప్పి చూపించింది. దాని కాలికీ ఒక సున్నా ఉంది. "నిన్న చూశాను. అంటే నేను కూడా పాసయినట్టేగా?"

ఇంటికొచ్చేసరికి మైసయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని పాత టేబుల్ ఫ్యాను విప్పుకుంటున్నాడు. సీటు సంగతి అడగలేదు. "నల్లా నీళ్లు తాగిందా?" అని మాత్రం అడిగాడు.

"తాగింది మామా" అంది శ్రీకళ. గుమ్మంలో విడుస్తున్న చెప్పుల వైపు చూసుకుంది. దసరా నుంచి రోజూ వాటితోనే ఎనిమిది గంటలు నిలబడుతోంది. కొత్త చెప్పులు ఏవైనా ఆమె కాలిని కరిచేవి, ఇవి ఒక్కనాడూ కరవలేదు. ఆ మాట ఇన్నాళ్లూ తోచనందుకు ఆమెకు సిగ్గేసింది.

జూన్‌లో బడి తెరవడానికి రెండు రోజుల ముందు శ్రీకళ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక డబ్బా తెచ్చి మామ ముందు పెట్టింది. "పొద్దుగాల పోరిని దింపి, ఆన్నుంచే డ్యూటీకి పోవాలె మామా. ఇవి జర ట్రయల్ ఏయిండ్రి."

మైసయ్య చెప్పులు తీసి చూశాడు. మడమలు రెండంగుళాల ఎత్తున్నాయి.

సాయమ్మ నెత్తి కొట్టుకుంది. "గవి తొడుగుతవా? కాళ్లిరుగుతయి ముసలోడా!"

"బ్రేకులు చూడకుండ ఎట్లిస్తనే?" అంటూ మైసయ్య గోడ పట్టుకుని లేచాడు. ఊగుతూ, తూలుతూ, సంతోషి భుజం ఆసరాగా వీధి చివరి చాయ్ హోటల్ దాకా పోయి వచ్చాడు.

బడి తెరిచిన రోజు పొద్దున శ్రీకళ చెప్పులు తిప్పి చూసింది. అడుగున సున్నా ఉంది. తొడుక్కుని, కూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరింది.