ఒకే పట్ట మీద

నా చిన్నప్పుడు ఒకసారి మా జేజితో, అంటే మా నాయన తల్లితో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తుంటే దారిలో వాగు పొంగి బస్సు ఆగిపోయింది. పొద్దున తిన్న సద్ది ఎప్పుడో అరిగిపోయింది. మధ్యాహ్నం దాటినా నీళ్లు తగ్గలేదు. బస్సులోని పసిబిడ్డలు ఆకలికి ఏడుస్తున్నారు.

మా వెనకే బేతంచెర్ల నాపరాళ్ల లారీ ఒకటి ఆగి ఉంది. దాని డ్రైవరు తలపాగా, తెల్లగడ్డం ఉన్న సర్దార్జీ. ఆయన స్టవ్వు వెలిగించి, తన దగ్గరున్న పిండంతా రొట్టెలు చేశాడు. పప్పు వండాడు. రోడ్డు పక్కన లారీ మీద కప్పే పట్ట పరిచి అందరినీ పిలిచాడు.

అందరూ కదిలారు గానీ, కూలికి పోయి వస్తున్న ఒక తల్లీ, ఆమె చిన్న కూతురూ మాత్రం దూరంగా మట్టిలోనే కూర్చున్నారు. సర్దార్జీ వాళ్లను పట్ట మీదికి రమ్మన్నాడు. వెంటనే మా బస్సులోని ఒక పెద్దాయన గొంతు పెంచాడు.

"వాళ్లకు ఆడనే పెట్టప్పా. మా పక్కన కూర్చుంటే మేం తినం."

సర్దార్జీ రొట్టెల గిన్నె మీద మూత పెట్టేశాడు. వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా అన్నాడు. "అందరూ ఒకే వరస. మా గురువు మాట. పెద్దా లేదు, చిన్నా లేదు."

ఎవరూ కూర్చోలేదు. ఎవరూ వెళ్లిపోలేదు. జేజి నా చేతిని నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. ఇతరులు వండింది ముట్టని మనిషి ఆమె.

ఆ కూలితల్లే లేచింది. "మేం అవతలికి పోతాంలే సామీ. వాళ్లను తిననీ." ఏడుస్తున్న కూతురిని చంకనెత్తుకుంది.

"యాడికి పోతాండావ్ మే?" జేజి అరిచింది. "బిడ్డ నోరెండిపోతాంటే! రా, ఈడ కూర్చో."

జేజి ముందు తాను కూర్చుని, ఆమెను రెక్క పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. సర్దార్జీ మోకాళ్ల మీద వంగి, ఇద్దరి చేతుల్లోనూ రొట్టె పెట్టాడు. తరువాత ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఆ పెద్దాయన మాత్రం బస్సెక్కి కిటికీ మూసుకున్నాడు.

సాయంత్రానికి వాగు తగ్గింది. ఇంట్లో విషయం తెలిసి తాత గొడవ చేస్తే, "ఆకలైంది, తిన్న్యా," అని ఊరుకుంది జేజి. గురుద్వారాలలో రోజూ అలాగే అందరినీ వరసగా కూర్చోబెట్టి పెడతారని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మా శనగ చేలో పనికి వచ్చినవాళ్లు మా వంటింట్లోనే, మేం తినే కంచాల్లోనే తింటారు. వాళ్లలో ఎవరైనా అలవాటుగా గడప బయట ఆగితే, నా నోటి నుంచి జేజి గొంతే వస్తుంది.