చూడని మూడు వరసలు

మొన్న కాశీబుగ్గలో రేషన్ కార్డు జిరాక్స్ తీయించుకుంటుంటే కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ పెట్టె ఆగి ఆగి కీచుమనడం మొదలుపెట్టింది. షాపతను ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. నా చెయ్యి మాత్రం సంచిలో పెన్ను కోసం వెతకసాగింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ కూత వింటే నాకు ఇంతే. తెర ఆరిపోయేలోగా కనిపించినదంతా కాగితం మీద పెట్టేయాలనిపిస్తుంది. ఆ తొందరను నాకు అంటించినవారు జగన్నాథం మాస్టారు. తొందరలో ఏం చెయ్యకూడదో నేర్పిందీ ఆయనే.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. నలభై ఏళ్ళు వచ్చేదాకా నాకు సంతకం కూడా రాదు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ పిక్కల రసానికి వేళ్ళ తోలు ఊడిపోతే మానేసి, కాశీబుగ్గలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఊడ్చే పనికి చేరాను. ఎరువుల కొట్టు పైన మేడ మీద రెండు గదులు. అక్కడ పాఠం చెప్పేవారు జగన్నాథం మాస్టారు. కోటబొమ్మాళి మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అప్పా అనేవారు. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

సెంటర్‌లో ఇరవై కంప్యూటర్లుండేవి. అన్నీ ఎక్కడో వాడి వదిలేసిన పాతవి. వాటికి సొంతంగా దాచుకునే చోటు లేదు. పిల్లలు ఏం రాసినా తీగల గుండా వెళ్ళి మూలనున్న ఒక పెద్ద పెట్టెలో చేరేది. దాన్ని సర్వర్ అనేవారు. ఆ ఏర్పాటంతా మాస్టారు సొంత చేతులతో చేసినదే. చిక్కల్లా ఏమిటంటే, అందరూ ఒకేసారి దాచబోతే ఆ పెట్టె ఒక్కోసారి కొయ్యబారిపోయేది. ఒక అమ్మాయి రెండు నెలలు కష్టపడి రాసుకున్నది తెరిచి చూస్తే సగం సున్నాలు. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే నేను చీపురు పక్కన పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. దాని బాధేమిటో అప్పటికి నాకు సగమే అర్థమైంది.

ఒకరోజు తుడుస్తుండగా పెద్ద పెట్టె తెర నల్లబడి దాని మీద తెల్లటి అక్షరాలు నిండిపోయాయి. మాస్టారు పక్క గదిలో పాఠంలో ఉన్నారు. గుమ్మంలోంచి తొంగి చూసి నన్ను పిలిచారు.

"అప్పా, ముగ్గులేత్తావా నువ్వు?"

"ఏత్తాను మాస్టారూ. మరేటి?"

"అయితే ఆ తెర మీదున్నది ఉన్నట్టుగా ఈ పుస్తకంలో దించు."

"నాకు సదువు రాదు కదా."

"అందుకే నిన్నడుగుతన్నాను. సదువొచ్చినోలు అర్థం కానిది వదిలేత్తన్నారు."

పడిపోయే ముందు ఆ పెట్టె తాను ఏ పనిలో ఉండగా పడిందో తెర మీద చెబుతుందట. ఆ మాటను తనలో దాచుకునే ఓపిక అప్పటికి దానికి ఉండదు. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోతే ఆ మాట అంతటితో పోయినట్టే. అందుకని ఎవరో ఒకరు చేత్తో రాసుకోవాలి. నేను ముగ్గు దించినట్టే దించాను. ఇరవై వరసలకి గంటకు పైగా పట్టింది. మాస్టారు తెరతో సరిచూసి ఒక్క గుర్తు కూడా తప్పు పోలేదన్నారు. ఆ వరసల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేవి పదహారు గుర్తులే. పది అంకెలు, ఆరు ఇంగ్లీషు అక్షరాలు. నాకు మొదట వచ్చిన చదువు అదే. మన అ ఆలు ఆ తర్వాత, మధ్యాహ్నం అన్నం తిన్నాక బోర్డు మీద రాసి నేర్పారు.

యంత్రాన్ని లోపలి నుంచి నడిపే మూల ప్రోగ్రాంని కెర్నెల్ అంటారు. దానిలో తప్పు దొరికితే దిద్దే ముక్కను ప్యాచ్ అంటారు. చిరిగిన చోట వేసే అతుకు లాంటిదని మాస్టారు చెప్పాక నాకు ఆ మాటలంటే బెరుకు పోయింది. ఎక్కడో దూరదేశంలో ఒకాయన కెర్నెల్‌లో ఆ దాచే పని చేసే భాగాన్ని చూసుకునేవాడు. మాస్టారు ఆయన ముఖం ఎప్పుడూ చూడలేదు. నా పుస్తకంలో ఉన్నది టైపు చేసి టెలిఫోన్ లైను మీద పంపేవారు. ఆయన అతుకు పంపేవాడు. దాన్ని కలిపి కొత్త కెర్నెల్ తయారు చేయడానికి మా పాత యంత్రానికి ఒక పూట పట్టేది. ఆ తర్వాత పిల్లలందరినీ కూర్చోబెట్టి, చెయ్యి ఎత్తగానే ఒకేసారి దాచమనేవారు. పెట్టె మళ్ళీ పడేది. నేను మళ్ళీ పుస్తకం తీసేదాన్ని.

సెంటర్ యజమానికి ఇదంతా విసుగు పుట్టించింది. ఒకరోజు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏటి మాస్టారూ, మీ పెద్ద పెట్టికి రోజూ మూర్ఛలొత్తన్నాయంట. పదిహేను రోజుల్లో పరీక్షలు. ఈలోగా కుదుటపడకపోతే వీటన్నింటినీ పాత సామాన్ల బండికి ఎత్తించీసి సెంటర్ మూసేత్తాను. మీరు కూడా ఏదో దారి సూసుకోండి."

మాస్టారు అలాగేనండి అన్నారు. మూసేస్తే ఆయన పని పోతుంది, నా పని పోతుంది. పిల్లలు రాసుకున్నవి పరీక్షకు అందకుండా పోతాయి. అది నాకు బాగా తెలిసీ ఆ మర్నాడే ఆ పని చేశాను.

మధ్యాహ్నం పెట్టె పడింది. రాస్తున్నాను. కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలైంది, చూస్తుండగానే కూతల మధ్య ఎడం తగ్గిపోయింది. పదిహేడు వరసలయ్యాయి. తెర ఆరిపోయింది. ఇంకా మూడున్నాయి. పేజీ అడుగున బోడిగా కనిపించింది. ముందురోజు పేజీ తిప్పి చూస్తే పై వరసలు చాలా మట్టుకు ఒకలాగే ఉన్నాయి. అడుగువి మాత్రం వేరేగా ఎందుకుంటాయి అనుకున్నాను. ఆ మూడూ చూసి దించేశాను. చక్కగా, పొందికగా దించాను.

సాయంత్రం మాస్టారు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని సంబరపడ్డారు. "రెండురోజులూ చివరి మూడు వరసలూ ఒకటేనప్పా. దొంగ దొరికీసినాడు." నేను చీపురు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాను. నిజం చెప్పలేదు. ఆ దూరదేశపాయన కూడా అలాగే అనుకుని ఆ చోటికే అతుకు తయారు చేయడానికి కూర్చున్నాడు. ఆ వారం చివర్లో అది వచ్చింది. మాస్టారు ఆదివారం కూర్చుని దాన్ని కలిపారు. సోమవారం పిల్లలు దాచబోగానే పెట్టె పడిపోయింది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పిల్లలు వెళ్ళిపోయాక వెళ్ళి ఎదుట నిలబడ్డాను.

"మాస్టారూ, ఆ మూడు వరసలు నాను సూడనేదు."

"ఏ మూడు?"

"అడుగునున్నవి. తెర ఆరిపోనాది. ముందురోజుది సూసి దించీసినాను."

"ఏల?"

"పేజీ బోడిగా ఉంటే మీకు కోపమొస్తాదేమోనని."

"ఇప్పుడొచ్చింది," అన్నారు నెమ్మదిగానే. కుర్చీ లాగి, "కూకో," అన్నారు.

పుస్తకం తెరిచి, చూసిన వరసలెక్కడితో ఆగాయో అక్కడ నా చేతనే గీత గీయించారు. "ఖాళీ ఉంటే ఇక్కడ తెలీదు కాబోలని ఆయన ఎతుక్కునీవోడు. నువ్వు నింపీసరికి తెలుసనుకున్నాడు. లేని దారంట వారం నడిచినాడప్పా." తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు. తర్వాత ఆయనకి ఉత్తరం టైపు చేశారు. నేను పంపిన కాగితంలో మూడు వరసలు చూసి రాసినవి కావు, క్షమించండి అని దాని అర్థం.

"నా పేరు రాయండి మాస్టారూ. తప్పు నాది."

"పంపినోన్ని నాను. పంపేముందు నిన్నడగనోన్ని కూడా నానే."

అవతలాయన కోప్పడలేదు. చెప్పినందుకు సంతోషం, కొత్త పేజీ పంపండి అన్నాడట. మర్నాడు పెట్టె పడ్డప్పుడు మళ్ళీ రాశాను. ఇరవై వరసలూ దొరికాయి, ఒక్క గుర్తు తప్ప. అది ఆరో, ఇంగ్లీషు 'బి'నో తేల్చుకునేలోగా తెర ఆరిపోయింది. ఆ ఒక్క ఖాళీ వదలడానికి పడిన కష్టం నాకు మిగతా పేజీ అంతటికీ పడలేదు. పెన్ను రెండుసార్లు దాని మీదికి పోయింది. మాస్టారు ఆ ఖాళీతోనే పంపారు.

అతుకు శుక్రవారం వచ్చింది. సోమవారం పరీక్షలు. శనివారం పొద్దున్నే పిల్లలందరినీ రమ్మన్నారు. యజమాని కూడా వచ్చి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు చెయ్యి ఎత్తడం, పిల్లలు దాచడం, నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూడడం. పది దాటింది, పన్నెండు దాటింది. యజమాని ఆవులించి, "ఇంకా పడనేదేటి?" అన్నాడు. పిల్లలు నవ్వారు. రెండు నెలల పని పోగొట్టుకున్న అమ్మాయి తన ఫైలు పదిసార్లు తెరిచి చూసుకుంది. సాయంత్రం అయిదుకి యజమాని లేచి, సోమవారం పరీక్షలకి టీ మీరే తెప్పించండి మాస్టారూ అని మెట్లు దిగిపోయాడు.

నేను పుస్తకం మూయబోతుంటే మాస్టారు ఆపారు.

"అలా వదిలీకు. ఖాళీ అంటే సూడనేదని. నువ్వు పొద్దున్నుంచీ సూసావు కదా. ఏమీ రాలేదని రాయి."

నాకు అప్పటికి ఒత్తులు, దీర్ఘాలు సరిగా రావు. ఆయన బోర్డు మీద రాశారు. చూసి దించాను, కింద తేదీ వేశాను. తెలుగులో నేను రాసిన మొదటి వాక్యం అదే.

తర్వాత మాస్టారు ఇచ్ఛాపురం వైపు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి. నా ఉత్తరాల్లో తప్పులెన్నో ఉండేవి, ఆయన ఒక్కటీ దిద్దలేదు. ఫలానాది నువ్వు చూశావా, విన్నావా అని మాత్రం అడిగేవారు.

ఇప్పుడు మా ఊళ్ళో కిడ్నీ జబ్బు ఎవరికుందో చూడ్డానికి నర్సమ్మ ఇంటింటికీ తిరుగుతుంటే రిజిస్టరు పట్టుకుని వెంట నడిచేది నేనే. బీపీ ఎంత, కాళ్ళ వాపు ఉందా అని గడులుంటాయి. కొత్తగా వచ్చిన నర్సమ్మ ఒకరోజు తాళం వేసిన ఒక ముసలాయన ఇంటి ముందు ఆగి, "వాపు గడిలో గీత కొట్టీ పిన్నీ, లేనట్టే కదా," అంది.

"ఇంట్లో లేడు. వాపు లేదని మనకేటి తెలుసు?" అన్నాను.

మొహం చిట్లించుకుంది గానీ మర్నాడు నాతో వచ్చింది. తలుపు తీసి ఉంది. ముసలాయన అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నర్సమ్మ వంగి రెండు చీలమండల దగ్గరా వేలితో నొక్కి చూసింది. గుంట పడలేదు, వాపు లేదన్నమాట. గడిలో 'ఏమీ లేదు' అని రాసి తేదీ వేశాను.