నాలుక కింద మాత్ర

ఈ ఉదయం గరాచర్మ బస్టాపులో వానకు తడిసిన కొబ్బరితాళ్ల మోపు ఎవరో దింపిపోతే, ఆ వాసనకు నేను ఎక్కవలసిన బస్సును కూడా వదిలేసి, బాంబూఫ్లాట్‌లో మా తాతయ్య కొట్టులో పదేళ్ల పిల్లనై నిలబడిపోయాను.

తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చి, తాళ్లూ వలలూ అమ్మేవాడు. వానలు మొదలయ్యాయంటే బేరాలు తగ్గేవి. నానమ్మ వేయించిన ఉప్పుచేపలతో వేడి గంజి తాగి, తలుపు దగ్గర చాప పరిచి మేమిద్దరం గవ్వలాడేవాళ్లం. ఆ ఏడు మాత్రం ఆట మధ్యలో తాతయ్య ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని ఆగిపోయేవాడు. చిన్న మాత్ర ఒకటి గ్లాసుడు నీళ్లతో మింగి, నొప్పి తగ్గేదాకా చాలాసేపు గోడకు ఆనుకునేవాడు.

ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఫెర్రీ పడవలో రేవు దాటి, పట్నంలోని గోల్ ఘర్‌లో ఆ మాత్రలు రాసిచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్లాడు. మాత్ర మింగుతున్నానని చెప్పగానే డాక్టరు తలపట్టుకున్నాడు. గుండె కండకు రక్తం చాలక ఆ నొప్పి వస్తోందనీ, మాత్రను నాలుక కింద కరగనిస్తే నేరుగా రక్తంలో కలిసి నాళాలను వదులు చేసి గుండె బరువు తగ్గిస్తుందనీ, మింగితే ఆలస్యమవుతుందనీ ఓపిగ్గా చెప్పాడు. వేసుకున్నాక లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయని నావైపు చూసి మరీ చెప్పాడు.

"మింగకపోతే మందెలాగ పని సేస్తాదే?" అని తాతయ్య దారంతా గొణిగాడు.

తిరుగు ఫెర్రీలో నడి రేవుకు వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయి చెమటలు పట్టాయి. మాత్ర నోట్లో వేసుకుని, అలవాటుగా నీళ్ల సీసా ఎత్తాడు. నేను సీసా లాగేసుకున్నాను.

"మింగీకు తాతా! నాలిక కింద ఎట్టుకో!"

ఒడ్డు రాగానే లేవబోయాడు. పక్కనున్న చేపలమ్మే దీదీ భుజం పట్టి ఆపింది. "చాచాజీ, బైఠే రహో!" అని హిందీలో కూర్చునే ఉండమంది.

జనమంతా దిగిపోయారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాను. కాసేపటికి ఆ బిగిసిన వేళ్లు నా చేతిలో మెత్తబడ్డాయి.

"తలకాయ దిమ్మెక్కిందే గుంటా. గుండెలో నొప్పి మాత్రం పోయింది," అన్నాడు. అంతే, నేను బావురుమన్నాను. దీదీ నవ్వుతూ తన కొంగుతో నా మొహం తుడిచింది.

కొన్ని నెలలకు ఓడలో చెన్నై వెళ్లి, ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చాడు. నా పెళ్లి చూశాడు, నా కూతురికి నడక నేర్పాడు, ముదిమి వయసులో ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ కొట్టు లేదు, ఫెర్రీ ఆగే ఆ పాత జెట్టీ బల్లలు లేవు, ఆ దీదీ ఎక్కడుందో తెలియదు. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. కానీ కోపమొస్తే అచ్చమైన శ్రీకాకుళం యాసలో కసురుతుంది. అది బడిలో నేర్చింది కాదు. ఆరేళ్లపాటు ముత్తాత ఒళ్లో కూర్చుని నేర్చుకున్నది.